మాగాణుల అడుగున పూడిన కొండలు

తెనాలి నుంచి రేపల్లె దాకా, అక్కడి నుంచి నిజాంపట్నం మీదుగా బాపట్ల, సూర్యలంక దాకా పరచుకున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో ఎత్తు అని చెప్పుకోదగినవి కాలువ గట్లూ, సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలివెళ్లిన ఇసుక దిబ్బలూ మాత్రమే. కొండ అంటే ఇక్కడివారికి మంగళగిరో కొండవీడో గుర్తుకు వస్తుంది, భూకంపం అంటే హిమాలయమో గుజరాతో గుర్తుకు వస్తుంది. 1977 నవంబరు నాటి ఉప్పెన జ్ఞాపకం తరాలు మారినా చెరగని ఈ తీరంలో ప్రకృతి విపత్తు అనగానే తుపాను ఒక్కటే మనసులో మెదలడం సహజమే. అయితే చమురు అన్వేషణ కోసం, భూమి పైపెచ్చు నిర్మాణాన్ని తెలుసుకోవడం కోసం గత అర్ధ శతాబ్దంలో జరిగిన సర్వేలు ఈ పచ్చని చదును కింద ఒండ్రు, ఇసుక, బంకమట్టి పొరలలో పూడిపోయిన ఒక కొండల వరుసను బయటపెట్టాయి. ఆ కొండల చరియలు వానకూ గాలికీ కోసుకుపోయి ఏర్పడినవి కావు, భూమి చీలి ఒక పక్క కిందికి జారినప్పుడు మిగిలిన అంచులు. ఆ అంచులలో ఇంకా కదలిక మిగిలి ఉందా అన్నది శాస్త్రవేత్తల ప్రశ్న. కదలిక ఎక్కడ పుట్టినా పైనున్న ఊళ్లు దానిని ఎలా తట్టుకుంటాయన్నది పురపాలికలూ, ఇంజనీర్లూ, ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబమూ వేసుకోవలసిన ప్రశ్న. మొదటిదాని మీద కుతూహలం పెరిగినంతగా రెండోదాని మీద శ్రద్ధ పెరగలేదు.

భూమి పైపెచ్చులోని రాయి పగిలి, ఆ పగులు వెంట రెండు పక్కలూ ఒకదానికొకటి స్థానం తప్పితే దానిని భ్రంశం అంటారు. పైపెచ్చు రెండు వైపులకూ లాగబడి సాగినప్పుడు ఏటవాలుగా ఉన్న పగులు మీద ఆనుకుని ఉన్న పై దిమ్మె తన బరువుతోనే కిందికి జారుతుంది. ఇది సాధారణ భ్రంశం. పైపెచ్చు నొక్కుకుపోయినప్పుడు అదే పై దిమ్మె పైకి నెట్టబడితే అది విలోమ భ్రంశం, రెండు దిమ్మెలూ పైకీ కిందికీ పోకుండా పక్కపక్కలకు జరిగితే అది పార్శ్వ భ్రంశం. సాగుతున్న నేలలో సాధారణ భ్రంశాలు జంటలుగా ఏర్పడినప్పుడు మధ్య దిమ్మె కుంగి లోయ అవుతుంది, ఇరుపక్కల దిమ్మెలు కుంగకుండా గట్టులా నిలిచిపోతాయి. కుంగిన భాగాన్ని గ్రాబెన్ అనీ, నిలిచిన భాగాన్ని హార్స్ట్ అనీ భూగర్భ శాస్త్రవేత్తలు పిలుస్తారు.

సుమారు 13 నుంచి 16 కోట్ల ఏళ్ల కిందట, నేటి అంటార్కిటికా తూర్పు భాగం నుంచి భారత భూఖండం విడిపోతున్న కాలంలో, నేటి కోస్తాంధ్ర సరిగ్గా ఇలాంటి సాగుబాటుకు లోనైంది. తూర్పు కనుమలలో కనిపించే చార్నోకైట్, ఖొండలైట్ రాళ్లే ఇక్కడా అడుగు రాయి. ఆ రాయి ఈశాన్య–నైరుతి దిశలో, అంటే దాదాపు నేటి తీరరేఖ పోకడలోనే, పట్టీలు పట్టీలుగా చీలి కొన్ని కుంగాయి, కొన్ని నిలిచాయి. పడమట కృష్ణా గ్రాబెన్, దానికి తూర్పున బాపట్ల హార్స్ట్, ఆ పైన పశ్చిమ గోదావరి గ్రాబెన్, తణుకు హార్స్ట్, తూర్పు గోదావరి గ్రాబెన్ అనే క్రమం అలా ఏర్పడింది. కృష్ణా–గోదావరి బేసిన్ పటం చూసే ఇంజనీరుకు బాపట్ల అంటే వ్యవసాయ కళాశాల ఉన్న ఊరే కాదు, రెండు పూడిన లోయలను వేరు చేస్తున్న ఒక పూడిన కొండ పేరు కూడా. తరువాతి కాలంలో నదులు మోసుకొచ్చిన మట్టి ఈ లోయలను నింపి, కొండలను కూడా కప్పివేసింది. లోతైన చోట్ల ఆ పొరల మందం సుమారు 5 కిలోమీటర్లు.

ఈ చిత్రం ఒక్కరోజులో తేలింది కాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970వ దశకంలో తీరంలోని కావలి నుంచి పడమటి కోస్తాలోని ఉడుపి దాకా, ఆ తరువాత ఆలంపూర్ నుంచి కృష్ణా జిల్లా తీరం వైపు, పేలుడు తరంగాలతో భూమి లోతులను చదివే సర్వేలు చేసింది. నరసాపురంలో ఓఎన్‌జీసీ 1978లో తొలి బావి తవ్విన నాటి నుంచి చమురు సంస్థలు ఈ బేసిన్ అంతటా అలాంటి తరంగ సర్వేలను మరింత దట్టంగా సాగించాయి. గ్యాస్ ఎక్కడ చిక్కుకుని ఉంటుందో తెలియాలంటే భ్రంశం ఎక్కడుందో ముందు తెలియాలి కనుక, డెల్టా కింది పగుళ్ల గురించి ఎక్కువగా తెలిసినది భూకంప శాస్త్రానికి కాదు, చమురు పరిశ్రమకు. ఈ విచిత్రం వల్ల కలిగే ఇబ్బంది చిన్నది కాదు: పగుళ్లు ఎక్కడున్నాయో తెలిసినా అవి ఇంకా కదులుతున్నాయో లేదో తెలియదు.

సాధారణ భ్రంశాలు నేడు చురుకుగా కదులుతున్న పర్వతాలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. ఇటలీ వెన్నెముక లాంటి అపెనైన్ పర్వతాలు ఏటా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున సాగుతున్నాయి. 1915లో ఫుచినో లోయలో సుమారు 30 వేల మందిని, 2009 ఏప్రిల్ 6న లాక్విలా నగరంలో 309 మందిని బలిగొన్న భూకంపాలు, 2016లో అమత్రిచే పట్టణాన్ని నేలమట్టం చేసి నోర్చాను దెబ్బతీసినవి కూడా ఇలాంటి జారుడు వల్ల పుట్టినవే. 2025 జనవరి 7న టిబెట్‌లోని డింగ్రి ప్రాంతంలో వచ్చిన పెను భూకంపం కూడా ఆ కోవలోదే: భారత ఫలకం ఉత్తరానికి నెట్టుతుంటే హిమాలయం ముడుచుకుంటుంది, కానీ దాని వెనుకనున్న టిబెట్ పీఠభూమి తూర్పు పడమరలుగా సాగి చీలుతుంది. ఇటలీలో కొండ అడుగున సున్నపురాయి మీద తెల్లని పట్టీలా కనిపించే అంచు, గడచిన కొన్ని వేల ఏళ్లలో భ్రంశం ఎన్ని మీటర్లు జారిందో చెప్పే కొలబద్ద. అక్కడ కందకం తవ్వి, తెగిన మట్టి పొరల వయసు కట్టి, పాత భూకంపాల తేదీలను శాస్త్రవేత్తలు అంచనా వేయగలరు. భ్రంశం సజీవమా కాదా అని తేల్చే గీటురాయి అదే: అన్నిటికన్నా పైనున్న, అన్నిటికన్నా కొత్తవైన పొరలను కూడా అది తెంచిందా లేదా?

బాపట్ల అంచులకు ఈ పరీక్ష పెట్టడం తేలిక కాదు. కొండ పాదం భూమి పైన లేదు, వందల మీటర్లకు తక్కువ కాని లోతులో ఉంది. పైన ఉన్న ఒండ్రును కృష్ణ పాయలు ఎన్నోసార్లు కోసి, మళ్లీ నింపి, దాళ్వా సార్వా దున్నకాలు సమం చేశాయి. ఒకప్పుడు చిన్న మెట్టు ఏర్పడి ఉన్నా అది నిలిచే అవకాశం తక్కువ.

ఇంకొక చిక్కు కూడా ఉంది, దానిని చాలా కథనాలు దాటవేస్తాయి. ఈ భ్రంశాలు పుట్టినప్పుడు నేల సాగుతున్నది నిజమే కానీ, ఈనాడు దక్షిణ భారతం మొత్తం నొక్కుకుపోతున్నది. ఏటా 5 సెంటీమీటర్ల వేగంతో ఉత్తర ఈశాన్యానికి కదులుతున్న భారత ఫలకం హిమాలయం దగ్గర అడ్డుకోబడుతుండటంతో ఆ ఒత్తిడి ద్వీపకల్పమంతటికీ పాకుతుంది. కాబట్టి కృష్ణా–గోదావరి బేసిన్‌లోని ఒక పాత సాధారణ భ్రంశం ఇప్పుడు కదిలితే, అది పుట్టినప్పటి లాగా కిందికి జారడం కన్నా పక్కకు జరగడమో పైకి నెట్టబడడమో ఎక్కువగా సంభవం. పగులు పాతదే, కదలిక కొత్తది. కచ్‌లో జరిగింది ఇదే. భారతం, అంటార్కిటికా కలిసి ఉన్న గోండ్వానా మహాఖండం చీలిన కాలంలో సాధారణ భ్రంశాలతో ఏర్పడిన ఆ లోయ నేటి ఒత్తిడిలో తిరగబడి, 2001 జనవరి 26న భుజ్ దగ్గర 7.7 తీవ్రతతో విలోమ భ్రంశపు భూకంపాన్ని పుట్టించింది. నర్మద పగులు లోయలో 1997 మే 22న జబల్‌పూర్‌ను కుదిపినదీ ఆ కోవలోదే. మహారాష్ట్రలో పడమటి కనుమల ఒడిలోని కోయనా జలాశయానికి దక్షిణాన వార్ణా ప్రాంతంలో మాత్రం చిన్న, మధ్యస్థ భూకంపాలలో సాధారణ జారుడు నేటికీ నమోదవుతున్నది. స్థానికమైన ఒత్తిళ్లు, జలాశయం నీటి ప్రభావం పెద్ద చిత్రాన్ని కొద్దికొద్దిగా ఎలా మార్చగలవో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ నమోదైన చరిత్ర ఏమి చెబుతుంది? 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఒంగోలు బాపట్లకు 60 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ ప్రాంతపు కదలికలను వాయవ్య–ఆగ్నేయంగా సాగే గుండ్లకమ్మ భ్రంశంతో ముడిపెట్టడం పరిపాటి. ఇది తీరానికి సమాంతరంగా సాగే హార్స్ట్ అంచులకు అడ్డంగా పోయే దిశ. రెండు దిశల పగుళ్లు కలిసే చోట ఒత్తిడి పేరుకుంటుందన్నది ద్వీపకల్ప భూకంపాలను వివరించే సిద్ధాంతాలలో ఒకటి. 1969 ఏప్రిల్ 13న గోదావరి పగులు లోయలో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రత నమోదైంది. అదే లోయలో 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర పుట్టిన 5.3 తీవ్రత కుదుపు హైదరాబాదులోనూ విజయవాడలోనూ జనాన్ని వీధిలోకి తెచ్చింది. ఆ నెలలోనే ప్రకాశం జిల్లా దర్శి, ముండ్లమూరు పరిసరాలలో చిన్న కదలికలు వచ్చాయి. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల జలాశయం పరిసరాలలో 4.6 తీవ్రత గల కుదుపు రాగా, అక్కడి కదలికలలో నీటి ప్రభావం ఎంత అన్న కోణాన్ని కూడా శాస్త్రవేత్తలు పరిశీలించారు. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతం అడుగున పుట్టిన 6.0 తీవ్రత భూకంపం ఒడిశా నుంచి చెన్నై దాకా తెలిసింది. తీవ్రతలో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది కనుక, వీటన్నిటినీ ఒక గాటన కట్టి "మనకు వచ్చేవి ఇంతే" అనుకోవడం లెక్క తెలియని ధీమా.

ఆ ధీమాకు గట్టి సమాధానం లాతూర్. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి పరిసర గ్రామాలను కూల్చి దాదాపు 10 వేల మందిని చంపిన 6.2 తీవ్రత భూకంపం, దేశ భూకంప పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్నదిగా గుర్తించిన ప్రాంతంలో వచ్చింది. ఆ నమ్మకం తప్పని తేలిన తరువాత 2002 సవరణలో జోన్ 1 అనే తరగతినే ఎత్తివేశారు, చెన్నై నగరం జోన్ 3లోకి మారింది. ద్వీపకల్పపు రాయిలో ఒత్తిడి పేరుకునే వేగం చాలా తక్కువ కాబట్టి ఒకే భ్రంశం మీద రెండు పెద్ద భూకంపాల మధ్య వేల ఏళ్లు గడవవచ్చు. పరికరాలతో నమోదైన చరిత్ర మాత్రం వంద ఏళ్లకు కాస్త పైది. ఆ వందేళ్లలో ఏమీ రాలేదన్నది భ్రంశం చనిపోయిందనడానికి రుజువు కాదు. 6 తీవ్రత గల భూకంపానికి సుమారు 10 కిలోమీటర్లు, 6.5కు సుమారు 20 కిలోమీటర్లు పొడవున పగులు తెగితే చాలు. డెల్టా కింద అంత పొడవైన అంచులు కొరత లేకుండా ఉన్నాయి.

ఇక్కడ అతిశయోక్తికి కూడా అడ్డుకట్ట వేయాలి. డెల్టా అడుగున గీసిన ప్రతి గీతా భూకంపం పుట్టించేది కాదు. గోదావరి డెల్టాలో మత్స్యపురి–పాలకొల్లు భ్రంశం వంటివి, తీరం దాటి సముద్రం కింద ఉన్న అనేక వంపు తిరిగిన పగుళ్లూ, అడుగు రాయిని తెంచేవి కావు. కొత్తగా పేరుకున్న మట్టి తన బరువుకు తానే మెత్తని షేల్ పొర మీద సముద్రం వైపు జారడం వల్ల ఏర్పడినవి. మట్టి పేరుకుంటుండగా పెరిగే ఈ భ్రంశాలు సాధారణంగా నెమ్మదిగా, పెద్ద కుదుపు లేకుండా కదులుతాయి. చమురు పటంలోని గీతలు చూపి రేపల్లె కింద బాంబు ఉందని చెప్పే కథనం, తెనాలికి ఎప్పటికీ ఏమీ కాదని చెప్పే మాటంత బాధ్యతారహితమైనది. భూకంపం వచ్చిన ప్రతిసారీ ఫోన్లలో చుట్టుముట్టే, రేపు ఫలానా గంటకు మళ్లీ వస్తుందన్న జోస్యాల గురించి వేరే చెప్పనక్కర్లేదు. తేదీ, గంట చెప్పి భూకంపాన్ని ముందుగా పసిగట్టే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు.

కాబట్టి అసలు ప్రమాదం ఎక్కడుందో నిదానంగా చూడాలి. భారత ప్రమాణం ఐఎస్ 1893 పటంలో ఈ తీర ప్రాంతం జోన్ 3లో, అంటే మధ్యస్థ ప్రమాద తరగతిలో ఉంటూ వచ్చింది. అహ్మదాబాదు కూడా జోన్ 3లో ఉంటూ వచ్చినదే. భుజ్ భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ నగరంలో 2001లో పదుల సంఖ్యలో అపార్టుమెంట్లు కూలి వందలాది మంది చనిపోయారు. నగరం సబర్మతి ఒండ్రు మీద ఉంది. కూలిన భవనాలలో చాలా వాటికి కింది అంతస్తులో గోడలు లేవు, కారు నిలిపేందుకు ఖాళీగా వదిలిన స్తంభాలు మాత్రమే ఉన్నాయి. తెనాలి కొత్త కాలనీలలో గానీ బాపట్ల స్టేషను పరిసరాలలో గానీ గత ఇరవై ఏళ్లలో లేచిన అపార్టుమెంట్లను చూసిన వారికి ఈ రెండు లక్షణాలూ ఎంత పరిచితమైనవో వివరించనక్కర్లేదు.

ఒండ్రు చేసే పని రెండు రకాలు. గట్టి రాయిలో వేగంగా, తక్కువ ఊపుతో వచ్చిన తరంగం మెత్తని మట్టిలోకి ప్రవేశించగానే వేగం తగ్గి ఊపు పెరుగుతుంది. పళ్లెం కొద్దిగా కదిపినా అందులోని జున్ను ఎక్కువగా ఊగినట్లు, లోయలో నిండిన మట్టి అడుగు రాయి కన్నా ఎక్కువగా, ఎక్కువసేపు ఊగుతుంది. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరానికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ తీరాన వచ్చిన భూకంపం, దారిలోని గట్టి నేల మీది ఊళ్లను చాలావరకు వదిలి, పాత సరస్సు అడుగున ఉన్న మెత్తని బంకమట్టి మీద కట్టిన నగర కేంద్రంలో వేల మందిని చంపింది. అక్కడ నేల ఊగే లయ 6 నుంచి 15 అంతస్తుల భవనాల సహజ లయతో కలిసిపోవడంతో ఆ ఎత్తు కట్టడాలే ఎక్కువగా కూలాయి. బాపట్ల హార్స్ట్ మీద పొర పలచగా, పక్క గ్రాబెన్‌లలో మందంగా ఉన్నందున, ఒకే భూకంపం కొద్ది కిలోమీటర్ల తేడాతో వేర్వేరు ఎత్తుల భవనాలను వేర్వేరుగా కుదిపే అవకాశం ఉంటుంది. దీనిని కొలిచి పటం గీయడాన్నే సూక్ష్మ మండలీకరణ అంటారు.

రెండో ముప్పు నీటిది. వదులుగా పేరుకున్న సన్నని ఇసుక నీటితో నిండి ఉన్నప్పుడు గట్టిగా కుదిపితే, రేణువుల మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడి పెరిగి రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనడం మానేస్తాయి. కొద్ది క్షణాల పాటు నేల బరువు మోసే గుణాన్ని కోల్పోయి ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఇసుక బుగ్గలు పైకి చిమ్ముతాయి, భవనం ఒరుగుతుంది, ఖాళీ సెప్టిక్ ట్యాంకు పైకి తేలుతుంది. 1934 బిహార్ భూకంపంలోనూ, 2001లో కచ్ రణ్‌లోనూ, 2011లో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ శివార్లలోనూ జరిగినది ఇదే. తీరం వెంట సరుగుడు తోటలు ఉన్న ఇసుక దిబ్బలు, దిబ్బకూ దిబ్బకూ మధ్య చిత్తడి పల్లాలు, రేపల్లె వైపు కృష్ణ ఒడ్డు, నది వదిలేసిన పాత పాయలు, పూడ్చి ప్లాట్లు వేసిన చెరువులు, కొన్ని అడుగులు తవ్వగానే నీరు పడే నేలలు — ఈ ముప్పుకు కావలసిన మూడు షరతులు, అంటే వదులు ఇసుక, నిండు నీరు, గట్టి కుదుపు అన్నవాటిలో మొదటి రెండూ ఇక్కడ చాలా చోట్ల ఏడాది పొడవునా సిద్ధంగా ఉంటాయి. ఎక్కువ బంకమట్టి ఉన్న నల్లరేగడికి ఈ ముప్పు తక్కువ. కాకపోతే అది ఎండకు బీటలు వేసి, వానకు ఉబ్బి, భూకంపం లేకుండానే పునాదులను సతాయిస్తుంది.

పరిశోధన వైపు జరగవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఓఎన్‌జీసీ దగ్గరున్న తరంగ సర్వేల చిత్రాలు లోతుల కోసం తీసినవి కావడంతో పై కొన్ని వందల మీటర్లు వాటిలో మసకగా ఉంటాయి. అయినా హార్స్ట్ అంచులు ఏ పొర దాకా తెగాయో వాటిలో తెలుస్తుంది. వాణిజ్య విలువ తీరిన పాత సర్వేలను భూకంప పరిశోధనకు విడుదల చేసి, ఎంపిక చేసిన చోట్ల పై పొరలను చూసే కొత్త సర్వేలు చేస్తే భ్రంశం వయసు లెక్క ముందుకు సాగుతుంది. తాగునీటి బోర్లు వేసేటప్పుడు ఎన్ని అడుగులకు ఏ మట్టి తగిలిందో రాసి పెట్టుకునే అలవాటు ఉంటే, ప్రతి మండలంలో మట్టి పొరల పటం దానంతటదే తయారయ్యేది. ఈ జిల్లాలలో భూకంప నమోదు కేంద్రాలను దగ్గర దగ్గరగా ఏర్పాటు చేస్తే మనిషికి తెలియని 2, 2.5 తీవ్రత కదలికలు కొన్నేళ్లలో ఒక గీత మీద వరుస కడుతున్నాయో లేదో కనబడుతుంది. పూడిన కొండ అంచు సజీవమని చెప్పగల మరో నమ్మకమైన సాక్ష్యం ఈ చిన్న కదలికల వరుస.

ఇళ్ల వైపు పని ఈ జవాబుల కోసం ఆగనక్కర్లేదు, ఎందుకంటే కుదుపు ఒంగోలులో పుట్టినా, ములుగులో పుట్టినా, బాపట్ల అంచు మీదే పుట్టినా పిల్లర్‌కు తేడా లేదు. ఐఎస్ 13920 ప్రమాణం ప్రకారం పిల్లర్‌లో నిలువు కమ్మీల చుట్టూ వేసే రింగుల కొసలను 135 డిగ్రీలు లోపలికి వంచాలి, పిల్లర్ బీమును కలిసే చోట రింగులను దగ్గర దగ్గరగా వేయాలి. కొసను 90 డిగ్రీలకే వంచితే కాంక్రీటు పైపొర రాలగానే రింగు విచ్చుకుని నిలువు కమ్మీలు బయటికి వంగుతాయి. ఇది కమ్మీ వంచే కార్మికుడికి రింగుకు కొన్ని క్షణాల అదనపు పని, మేస్త్రీకి కొద్దిపాటి అదనపు ఇనుము. అయినా చాలా చోట్ల జరగదు, ఎందుకంటే కాంక్రీటు పోశాక అది ఎవరికీ కనబడదు. ఇటుక గోడల మీద నిలిచే చిన్న ఇళ్లలో లింటెల్ ఎత్తున గోడలన్నిటినీ కలుపుతూ కాంక్రీటు పట్టీ వేయడం కూడా అంతే చవకైన రక్షణ. ఇప్పటికే కట్టేసిన స్టిల్ట్ పార్కింగ్ భవనాలలో కొన్ని పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడలు కట్టి, బలహీనమైన పిల్లర్ల చుట్టూ అదనపు కాంక్రీటు తొడుగు వేసి బలపరచడం సాధ్యమే. ఇసుక నేల మీద మూడు, నాలుగు అంతస్తులు లేపేవారికి పునాది లోతును పక్కింటి లోతు చూసి కాక మట్టి పరీక్ష చూసి నిర్ణయించడం తప్పనిసరి. పురపాలక ప్లాను ఆమోదంలో ఈ పరీక్ష నివేదికను కాగితంగా జత చేయడంతో సరిపెట్టకుండా, పిల్లర్లకు సెంట్రింగ్ బిగించక ముందే ఒక ఇంజనీరు వచ్చి రింగులు చూసి సంతకం పెట్టే పద్ధతి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు పురపాలికలలోనూ మొదలుకావాలి. దానికి కొత్త చట్టం అవసరం లేదు, ఉన్న ప్రమాణాన్ని కాంక్రీటు పోయక ముందు తెరిచి చూసే మనిషి ఒకరు కావాలి.